ఒకటో పిన్నుకో తీగ

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి "డ్రాప్-ఇన్ రీప్లేస్‌మెంట్" అనే మాట వినగానే కాస్త అనుమానం రావాలి. రాలేదంటే శుక్రవారం సాయంత్రం మీ చేత ఎవరూ ఇంకా లైబ్రరీ వెర్షను మార్పించలేదన్నమాట :) ఫంక్షన్ల పేర్లు అవే, ఇచ్చేవి అవే, పుచ్చుకునేవి అవే, కంపైలు కూడా అవుతుంది. సోమవారం పొద్దున్నే కస్టమరు ఫోను చేస్తాడు.

ఈ టపా సాఫ్ట్‌వేర్ గురించి కాదు లెండి. అంతకన్నా వేడిగా ఉండి, తెలీకుండా ముట్టుకుంటే షాక్ కొట్టే సరుకు గురించి. పాత వాల్వు ఆంప్లిఫయర్లలో చివర ఉండే పెద్ద వాల్వులు, అంటే అవుట్‌పుట్ వాల్వులు, పోయినప్పుడు వాటి స్థానంలో ఇంకో రకం వాల్వులు పెట్టి నడిపించిన చరిత్ర ఇది. ఈ చరిత్ర గురించి ఇంగ్లీషులో బోలెడు రాశారు. అందులో లండన్ ఉంటుంది, న్యూజెర్సీ ఉంటుంది. దాచేపల్లి ఉండదు. నాకు తెలిసిన ఒక పెట్టె దాచేపల్లిది కాబట్టి నేను అక్కడినించే రాస్తాను.

దాచేపల్లి ఎక్కడా అంటే, గుంటూరు నించి మిర్యాలగూడ మీదుగా హైదరాబాదు వెళ్ళే పాత దారిలో, పిడుగురాళ్ళ దాటాక, కృష్ణ ఇంకా రాకముందు. పక్కన నాగులేరు. చుట్టూ పత్తి, మిరప, నేల కింద సున్నపురాయి. 2022 ఏప్రిల్ నించి అది పల్నాడు జిల్లా, మా చిన్నప్పుడు గుంటూరు జిల్లా. ఆ ప్రాంతంలో పుట్టినవాళ్ళకి మైకు సెట్టు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పెళ్ళికి మైకు, పురుటికి మైకు, నాటకానికి మైకు, ఎన్నికలకి మైకు. కార్తీకంలో కారెంపూడి వీరుల తిరునాళ్ళకి మైకు. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల మీద ఎన్ని మైకులు ఉంటాయో లెక్కే లేదు. పక్క ఊరి ప్రభ కన్నా మన ప్రభ మీది పాట గట్టిగా వినపడాలి. అది పరువు సమస్య. ఆ పరువు మొత్తం రెండు గాజు బుడ్ల మీద ఆధారపడి ఉండేది.

ముందు ఆ గాజు బుడ్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళు ఈ పేరా దాటెయ్యొచ్చు.

వాల్వులో ఫిలమెంటు వేడెక్కి కాథోడ్‌ని వేడి చేస్తుంది. కాథోడ్ నించి ఎలక్ట్రాన్లు లేచి, మూడు నాలుగొందల వోల్టుల మీద ఉన్న ప్లేటు వైపు పరిగెడతాయి. మధ్యలో గ్రిడ్ అనే సన్నటి తీగల జల్లెడ మీద చిన్న వోల్టేజి మారిస్తే ఆ ప్రవాహం పెద్దగా మారుతుంది. ఇది మూడు భాగాల వాల్వు, ట్రయోడ్. పవరు సరిపోక స్క్రీన్ అని ఇంకో గ్రిడ్ చేర్చారు. దాంతో కొత్త తలనొప్పి వచ్చింది. ప్లేటుని గుద్దిన ఎలక్ట్రాన్లు అక్కడినించి మళ్ళీ కొన్నిటిని చిందించేవి, అవి వెనక్కి స్క్రీన్ మీదికి పోయేవి. దానికి విరుగుడుగా 1926లో ఫిలిప్స్ కంపెనీలో పనిచేసే టెల్లెగెన్ మూడో గ్రిడ్ పెట్టాడు. దాని పేరు సప్రెసర్. ఆ వాల్వు పెంటోడ్.

ఇక్కడ పేటెంట్లు ప్రవేశిస్తాయి (ఎక్కడ ప్రవేశించవు గనక!). పెంటోడ్ పేటెంట్ ఫిలిప్స్ చేతిలో ఉంది. దాన్ని తప్పించుకోవాలని ఇంగ్లండులో ఈఎంఐ కంపెనీ ఇంజనీర్లు బుల్, రోడా అనే ఇద్దరు 1933లో ఒక ఉపాయం చేశారు. మూడో గ్రిడ్ పెట్టకుండా, రెండు రేకుల మధ్యనించి ఎలక్ట్రాన్లని ఒక దట్టమైన ధారగా పంపితే, ఆ ధారే సప్రెసర్ పని చేసేస్తుంది. మూడో గ్రిడ్ లేదు, కాబట్టి పెంటోడ్ కాదు, కాబట్టి పేటెంట్ గొడవ లేదు. దీన్ని బీమ్ టెట్రోడ్ అన్నారు. అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ ఈ పద్ధతిలోనే 1936లో 6ఎల్6 అనే వాల్వు తెచ్చింది. ఇంగ్లండు వాళ్ళ కేటీ66 ఆ మరుసటేడు 1937లో వచ్చింది. ప్రపంచంలో సగం ఆంప్లిఫయర్లు ఆ తరవాత పాతికేళ్ళు ఈ కుటుంబం మీదే నడిచాయంటే పెద్ద అతిశయోక్తి కాదు.

1949లో ఫిలిప్స్ తన పెద్ద వాల్వు ఈఎల్34 ని దింపింది. పేటెంట్ వాళ్ళదే కాబట్టి నిజమైన పెంటోడ్, మూడో గ్రిడ్‌తో సహా.

ఇప్పుడు చూడండి. రెండిటికీ కింద ఉన్నది ఒకే రకం ఎనిమిది పిన్నుల అడుగు. 1935లో ఆర్‌సీఏ వాళ్ళు తెచ్చిన ఆక్టల్ బేస్ అది. రెండో పిన్ను, ఏడో పిన్ను ఫిలమెంటు. మూడు ప్లేటు, నాలుగు స్క్రీన్, అయిదు గ్రిడ్, ఎనిమిది కాథోడ్. రెండు వాల్వుల్లోనూ ఇవన్నీ అవే. తేడా ఒక్క ఒకటో పిన్ను దగ్గరే. 6ఎల్6 లో అది ఖాళీ (ఇనప డొక్కు ఉన్న రకంలో డొక్కుకి కలిపి ఉంటుంది). ఈఎల్34 లో అది సప్రెసర్ గ్రిడ్. దాన్ని బయటినించి కాథోడ్‌కి, అంటే ఎనిమిదో పిన్నుకి, కలపాలి. కలపకపోతే ఆ గ్రిడ్ గాలిలో వేలాడుతుంది. దాని మీద ఎంత వోల్టేజి ఉంటుందో ఎవరికీ తెలీదు.

ఇంకా దారుణం ఏంటంటే, 6ఎల్6 సెట్టులు చేసేవాళ్ళలో కొంతమంది "ఒకటో పిన్ను ఖాళీయే కదా" అని దాన్ని రెసిస్టర్లు కలుపుకునే గూటంలా వాడేసేవాళ్ళు. రిజర్వ్‌డ్ ఫీల్డు అని డాక్యుమెంట్‌లో రాసి ఉన్నా అందులో ఎవడో తన డేటా దాచుకుంటాడు చూడండి, అచ్చం అలాగే. అలాంటి సెట్టులో ఈఎల్34 గుచ్చితే సప్రెసర్ మీదికి సంబంధం లేని వోల్టేజి ఏదో వచ్చి కూర్చుంటుంది.

అంటే రెండు కంపెనీల మధ్య 1930లలో జరిగిన పేటెంట్ తగువు, తరవాతెప్పుడో పల్నాడులో ఒక మైకు సెట్టు అడుగున ఒక అంగుళం తీగ కావాలా వద్దా అన్నది తేల్చింది. నాకు చరిత్రలో ఇలాంటివే ఇష్టం.

మరి 6ఎల్6 పెట్టాల్సిన చోట అదే పెట్టొచ్చుగా, ఎందుకీ గోల? దొరకాలి కదండీ.

1953 అక్టోబరు దాకా గుంటూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. రేడియో సామాను అంటే మద్రాసే. యుద్ధం అయిపోయాక సైన్యాలు వదిలించుకున్న వైర్‌లెస్ సామాను కూడా సంతల్లో దొరికేదని పాతవాళ్ళు చెబుతారు. తరవాత్తరవాత మద్రాసు రిచీ స్ట్రీటు, హైదరాబాదు కోఠి. రెండో పంచవర్ష ప్రణాళిక మొదలైన కొద్దికాలానికే, 1957 ప్రాంతంలో, విదేశీ మారకం అడుగంటి దిగుమతుల మీద పట్టు బిగిసింది. లైసెన్సు లేకుండా ఏదీ రాదు. బెంగుళూరు జలహళ్ళిలో 1954లో పెట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. వాళ్ళ ఈఎల్84, ఈసీసీ83 వాల్వులు ఇప్పటికీ విదేశాల్లో ఆడియో పిచ్చివాళ్ళు వెతికి కొనుక్కుంటారు. రేడియోలకి, చిన్న ఆంప్లిఫయర్లకి అవి బాగా ఆదుకున్నాయి. కానీ తిరునాళ్ళ రేపనగా ఇవాళ రాత్రి పోయిన పెద్ద అవుట్‌పుట్ వాల్వు, అదే నంబరుది, అదే రాత్రి పల్నాడులో దొరకడం వేరే సంగతి. నడికుడిలో మీటరు గేజి బండెక్కి గుంటూరు వెళ్ళాలి. అక్కడ ఉన్నది తెచ్చుకోవాలి. అడిగింది కాదు, ఉన్నది.

ఇక్కడ మైకు సెట్టు బాబాయ్ గురించి చెప్పాలి. మాకు దూరపు వరస. దాచేపల్లిలో మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు. చివర్లో షామియానాలు, కుర్చీలు, జనరేటర్లు కూడా వచ్చాయిగానీ ఊళ్ళో ఆయన పేరు మైకు సెట్టు గానే మిగిలిపోయింది. రిపేర్లు ఆయన స్వయంగా చేసేవాడు కాదు. ఒకప్పుడు టూరింగు టాకీసులో ఆపరేటరుగా చేసిన పెద్దాయన ఒకాయన చేసేవాడట. సినిమా ఆపరేటర్లకి వాల్వులు బాగా తెలుసు. ప్రొజెక్టరు పక్కన సౌండు పెట్టె ఆగిపోతే టికెట్టు కొన్న జనం ఊరుకోరు కదా, నేర్చుకోక తప్పదు. నేను ఇంజనీరింగులో ఉన్నప్పుడు ఒక సెలవల్లో బాబాయ్‌ని అడిగాను, ఒక వాల్వుకి బదులు ఇంకోటి పెట్టొచ్చా అని.

"గూట్లో పట్టిందల్లా పనిజేసిద్దా అబ్బాయ్? దానికి తిండి ఎంత కావాలో సూడాలి. అది మోసే బరువు ఎంతో సూడాలి. పట్టడానికేముంది, ఏదైనా పట్టిద్ది" అన్నాడు.

అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆయన సెట్టు నా దగ్గరుంది. అడుగు రేకు విప్పి చూశాక తెలిసింది, ఆయన ఆ మూడు ముక్కల్లో మొత్తం పాఠం చెప్పేశాడని.

పెట్టె వర్ణన: కంపెనీ ప్లేటు ఊడిపోయింది. చాసిస్ మీద రెండు పెద్ద గూళ్ళ పక్కన తెల్ల రంగుతో 6ఎల్6 అని అచ్చేసి ఉంది. అంటే ఫ్యాక్టరీ నించి వచ్చినప్పుడు అది 6ఎల్6 జత సెట్టు. ఒక గూడు ఖాళీ. రెండో దాంట్లో ఉన్నది ఈఎల్34. సరే, ఎవడో గుచ్చేశాడు అనుకుంటాం. బోర్లా తిప్పి చూస్తే అలా కాదు.

మొట్టమొదట, రెండు గూళ్ళలోనూ ఒకటో పిన్ను నించి ఎనిమిదో పిన్నుకి చక్కగా టంకం పెట్టిన చిన్న తీగ. మిగతా వైరింగు కన్నా కొత్తది, రంగు వేరు. పేటెంట్ తగువు తీర్చిన తీగ.

రెండోది, బాబాయ్ చెప్పిన తిండి. 6ఎల్6 ఫిలమెంటు 6.3 వోల్టుల దగ్గర 0.9 ఆంపియర్లు తాగుతుంది. ఈఎల్34 అయితే 1.5. జతకి 1.8 బదులు 3 ఆంపియర్లు. అంటే ట్రాన్స్‌ఫార్మరు మీద ఏడున్నర వాట్ల అదనపు బరువు, ఒక్క ఫిలమెంటు చుట్ట మీదే. గంటా రెండు గంటలు నడిస్తే ఏం కాదు. రాత్రి తొమ్మిదింటికి మొదలైన పద్యనాటకం తెల్లారి అయిదింటికి గానీ అవదు. ఆ వేడికి ట్రాన్స్‌ఫార్మరు లోపలి వార్నిషు వాసన రావడం మొదలవుతుంది. ఈ పెట్టెలో చాసిస్ కింద మూల ఖాళీలో ఒక చిన్న వేరే ట్రాన్స్‌ఫార్మరు బిగించి, రెండు పెద్ద వాల్వుల ఫిలమెంట్లూ దానికి ఇచ్చేశాడు ఆయన. పాత చుట్ట మిగతా చిన్న వాల్వులకి వదిలేశాడు. ఈ ఒక్క పని చూస్తే చాలు, చేసింది గుచ్చేసి పోయే మనిషి కాదని తెలుస్తుంది.

మూడోది నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. రెండు వాల్వుల కాథోడ్లూ కలిసి ఒక రెసిస్టరు ద్వారా భూమికి వెళతాయి. వాల్వు ఎంత కరెంటు తాగాలో ఆ రెసిస్టరు నిర్ణయిస్తుంది. ఈ రకం సెట్టులో 6ఎల్6 జతకి అది 250 ఓముల దగ్గర ఉంటుంది. ఈఎల్34 జతకి ఫిలిప్స్ డేటా షీటు చెప్పేది 375 వోల్టుల దగ్గర 130 ఓములు. ఈ పెట్టెలో ఉన్నవి పక్కపక్కన కలిపిన రెండు 390 ఓముల రెసిస్టర్లు, అంటే 195. ఇదేంటి, అటూ కాదు ఇటూ కాదు, చేతికి దొరికింది వేశాడేమో అనుకున్నా. తరవాత లెక్కేస్తే, 130 పెడితే ఆ జత ప్లేట్లకే నూటయాభై మిల్లీఆంపియర్ల దాకా కావాలి. ఆ పెట్టెలో పవరు ట్రాన్స్‌ఫార్మరూ, చోకూ చుట్టింది 6ఎల్6 జత కోసం, వంద మిల్లీఆంపియర్ల చిల్లరకి. డేటా షీటు వాల్వుకి ఏది మంచిదో చెబుతుంది, పెట్టెకి ఏది మంచిదో దానికి తెలీదు. 195 దగ్గర వాల్వు తన పూర్తి పవరు ఇవ్వదు, కానీ ట్రాన్స్‌ఫార్మరు బతుకుతుంది. అది నాకు తోచిన వివరణ. కొత్త ట్రాన్స్‌ఫార్మరు చుట్టించడం కన్నా నాలుగైదు వాట్లు వదులుకోవడం చవక అని లెక్క చూసుకున్నాడని నా నమ్మకం.

నాలుగోది బరువు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు నిష్పత్తి కొలిచి చూశాను. 16 ఓముల కొనకి 16 ఓములు తగిలిస్తే వాల్వుల వైపు సుమారు 6600 ఓములు కనబడుతుంది. 6ఎల్6 కి బాగానే ఉంటుంది. ఈఎల్34 జతకి కావలసింది 3400. దాదాపు సగం. సగం చెయ్యాలంటే ఏం చెయ్యాలి? ట్రాన్స్‌ఫార్మరు మార్చక్కర్లేదు. 16 కొనకి 8 ఓములు తగిలిస్తే చాలు, అటువైపు 3300 అయిపోతుంది. 16 ఓముల హారన్ యూనిట్లు రెండు పక్కపక్కన కలిపితే 8 ఓములు. మామూలుగా అయితే వాటిని 8 అని రాసి ఉన్న స్క్రూకి బిగించాలి. ఈ పెట్టె వెనక 8 స్క్రూ కొత్తగా మెరుస్తోంది. 16 స్క్రూ తల అరిగిపోయి ఉంది. అడుగు రేకు లోపలి వైపు పెన్సిలుతో, వంకర అక్షరాల్లో రాసి ఉంది: "రెండు హారన్లు 16లో వెయ్యాలి".

ఒక్క లైను డాక్యుమెంటేషన్. ఇన్నేళ్ళ తరవాత నాకు పనికొచ్చింది. నా సొంత కోడ్‌లో నేను రాసిన కామెంట్లు ఆరునెలలకే నాకు పనికిరావు, అది వేరే సంగతి :)

ఇలాంటి మార్పులు పల్నాడుకే ప్రత్యేకం అని నేననడం లేదు. 1947లో ఇంగ్లండులో డి.టి.ఎన్. విలియమ్సన్ వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో అచ్చేసిన ఆంప్లిఫయరు ఆ రోజుల్లో పెద్ద సంచలనం. అది కేటీ66 మీద కట్టింది. అమెరికాలో కేటీ66 ఎక్కడ దొరుకుతుంది? 1949 నవంబరులో ఆడియో ఇంజనీరింగ్ పత్రికలో సార్సర్, స్ప్రింకిల్ అనే ఇద్దరు అదే ఆంప్లిఫయరుని 807 అనే వాల్వుతో కట్టి చూపించారు. 807 అంటే దాదాపు 6ఎల్6 తమ్ముడే, ట్రాన్స్‌మిటర్ల కోసం చేసింది. ప్లేటు కనెక్షను కింద పిన్నుకి కాకుండా గాజు బుడ్డి నెత్తిమీద టోపీకి ఇస్తారు. యుద్ధంలో లెక్కలేనన్ని తయారయ్యాయి, యుద్ధం అవగానే కారుచవకగా సంతలకొచ్చాయి. దాని స్క్రీన్‌కి మూడొందల వోల్టులకి మించి ఇవ్వకూడదని డేటా షీటు చెబుతుంది. ట్రయోడ్‌లా కలిపినప్పుడు స్క్రీన్‌కీ ప్లేటు వోల్టేజే పోతుంది, నాలుగొందల పైనే. వాల్వు గట్టిది కాబట్టి ఓర్చుకుంది. పత్రికలో అచ్చయిన మార్పులోనూ ఇలాంటి సర్దుబాటు ఉంది మరి. దాన్ని "మ్యుజీషియన్స్ ఆంప్లిఫయర్" అని గౌరవంగా పిలిచారు. మనవాడు చేస్తే "జుగాడ్" అంటాం.

ఇంకో ఉదాహరణ గిటారు వాయించేవాళ్ళకి తెలిసిందే. లండన్లో జిమ్ మార్షల్ కొట్టువాళ్ళు 1962లో అమెరికా ఫెండర్ బాస్‌మన్ ఆంప్లిఫయరుని చూసి తమది చేశారు. అందులో అవుట్‌పుట్ వాల్వులు మొదట 5881, తరవాత కేటీ66, 1966 ప్రాంతానికి ఈఎల్34. ఏది అందుబాటులో ఉంటే, ఏది చవకైతే అది. 1970లలో అమెరికాకి పంపిన వాటిలో అక్కడి పంపిణీదారు 6550 వాల్వులు పెట్టించాడు, ఈఎల్34 లు ప్రయాణానికి ఆగడం లేదని. ఇప్పుడు ఆ ఒక్కో మార్పుకీ ఒక్కో "టోన్" అని పేరు పెట్టి వేల డాలర్లకి అమ్ముతారు. రాక్ సంగీతం చప్పుడు అని మనం గుర్తుపట్టేదాంట్లో కొంత భాగం, కొట్టులో ఆ వారం ఏ వాల్వు ఉంది అన్నదాన్నిబట్టి వచ్చింది.

అయితే మన ఊళ్ళ మార్పులన్నీ గొప్పవే అని కూడా అనను. 807 నే తీసుకోండి. ఫిలమెంటు కరెంటు 6ఎల్6 లాగే 0.9 ఆంపియర్లు, బయాసు దాదాపు అంతే. విద్యుత్తు పరంగా ఇంతకన్నా తేలికైన మార్పిడి లేదు, అయిదు పిన్నుల గూడు మార్చుకుంటే చాలు. కానీ నాలుగొందల వోల్టులు నెత్తిమీద టోపీకి వస్తాయి. మూత తీసేసి, గాలాడాలని అలాగే నడిపే సెట్టులో, చీకట్లో రికార్డు మార్చడానికి చెయ్యి చాపిన కుర్రాడి సంగతి ఆలోచించండి. ఒకటో పిన్ను తీగ వెయ్యకుండా ఈఎల్34 గుచ్చి, ప్లేటు ఎర్రగా కాలుతుంటే "మంచి పవరొస్తోంది" అని మురిసిపోయినవాళ్ళూ ఉన్నారు. బాబాయే చెప్పేవాడు. ప్లేటు ఎర్రబడిందంటే మోయలేని బరువు మోస్తోందని అర్థం. ఆ రాత్రికి నడుస్తుంది, ఆ నెలకి నడవదు.

కరెంటు సంగతి సరేసరి. మిరప తోటలకి మోటార్లన్నీ ఒకేసారి వేశాక లైన్లో 230 బదులు 170 వోల్టులు ఉండటం మా వైపు వింత కాదు. అప్పుడు 6.3 వోల్టుల ఫిలమెంటుకి అందేది 4.7. కాథోడ్ సరిగ్గా కాగదు. గొంతు కీచుగా, పీలగా వస్తుంది, వాల్వు ఆయుష్షూ తగ్గుతుంది. అర్ధరాత్రి మోటార్లు ఆపగానే వోల్టేజి లేచి కూర్చుంటుంది. అందుకని పెట్టె పక్కన చేత్తో తిప్పే బూస్టరు ఒకటి, దాని దగ్గర ఒక మనిషి. కంపెనీ డేటా షీట్లు రాసినవాళ్ళు ఫిలమెంటు వోల్టేజిలో కొద్ది శాతం తేడానే ఒప్పుకుంటారు. వాళ్ళు పల్నాడు ఎప్పుడూ రాలేదు.

ఆ మైకుల ముందు నిలబడ్డవాళ్ళని కూడా తలుచుకోవాలి. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి. ఈలపాట రఘురామయ్య సుద్దపల్లి. మైకు రాకముందు నాటకంలో పద్యం ఎత్తుకుంటే ఆఖరి వరస దాకా సొంత గొంతుతోనే వినిపించాలి, అందుకే ఆ తరం గొంతులు అలా ఉండేవి. మైకు వచ్చాక గొంతు మారింది, పాడే పద్ధతి మారింది, జనం మారారు. మూడు వేల మంది కూర్చునే చోట పదివేల మంది కూర్చున్నారు. సెట్టు మధ్యలో ఆగిపోతే మటుకు మళ్ళీ పాత కాలమే, గొంతు ఉన్నవాడే రాజు.

తరవాత కథ త్వరగానే అయిపోయింది. 2ఎన్3055 లాంటి పవరు ట్రాన్సిస్టర్లు వచ్చాయి. బరువైన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు అక్కర్లేని సర్క్యూట్లు వచ్చాయి, కాగడానికి నిమిషం ఆగక్కర్లేదు, కారు బ్యాటరీ మీద హాయిగా నడుస్తాయి. ఇది వాల్వుకి బదులు వాల్వు కాదు, పెట్టెకి బదులు పెట్టె. వాల్వుల పెట్టెలు అటక ఎక్కాయి. తరవాత రాగి కోసం కిలోల లెక్కన పోయాయి. ట్రాన్స్‌ఫార్మరు పగలగొట్టి తీగ తీసుకుని, మిగతాది పారేశారు. బయట దేశాల్లో కూడా వాల్వుల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఇప్పుడు కొత్త ఈఎల్34 కావాలంటే స్లొవాకియాలో ఒక కంపెనీ, రష్యాలో సరాటొవ్, లేదా చైనా, ఇంతే. 2022 మార్చిలో రష్యా ఎగుమతులు ఆపేసేసరికి ప్రపంచంలో గిటారు వాళ్ళందరూ గగ్గోలు పెట్టారు. ఒక రకం వాల్వు దొరక్కపోతే దాని బదులు ఏది పెట్టొచ్చు అని అందరూ ఒకేసారి వెతకడం మొదలుపెట్టారు. దాచేపల్లిలో ఎప్పుడూ ఉన్న పరిస్థితి వాళ్ళకి ఓ సారి వచ్చిందన్నమాట.

ఇప్పుడు అసలు తగువు. ఈ మధ్య పాత వాల్వు సెట్టులకి గిరాకీ వచ్చింది. బాగుచేసే నిపుణులు ఉన్నారు, చాలా శ్రద్ధగా చేస్తారు, నాకు వాళ్ళంటే గౌరవమే. నా పెట్టె చూసిన ఒకాయన ఒక్కటే మాటన్నాడు: "ముందు ఆ లోకల్ రిపేరు అంతా పీకేసి ఒరిజినల్‌కి తెచ్చేద్దాం సార్." అంటే తీగ తీసెయ్యడం, చిన్న ట్రాన్స్‌ఫార్మరు విప్పెయ్యడం, 250 ఓములు పెట్టడం, కొత్త 6ఎల్6 జత. పెట్టె ఫ్యాక్టరీ నించి వచ్చిన రోజు ఎలా ఉందో అలా అవుతుంది. విలువా పెరుగుతుంది.

ఆయన వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఒక పురాతన గుడికి ఎవరో సిమెంటు పూసి ఉంటే తీసెయ్యాలని మనమే అంటాం కదా. కానీ ఈ పెట్టె ఫ్యాక్టరీ రూపంలో ఎన్నేళ్ళు బతికింది, మార్చిన రూపంలో ఎన్నేళ్ళు బతికింది? 16 స్క్రూ అరుగుదల చూస్తే నాకు సమాధానం దొరికినట్టే. ఆ ఊరి జనం విన్న పద్యాలు, ఎన్నికల హామీలు, "ఫలానావారి అబ్బాయి తప్పిపోయాడు, స్టేజీ దగ్గరికి రావలెను" అన్న కేకలు, ఎక్కువ భాగం ఆ 195 ఓముల మీదుగానే వెళ్ళాయి. ఫ్యాక్టరీ బొమ్మ ఏ పాత పుస్తకంలోనైనా దొరుకుతుంది. టూరింగు టాకీసు పెద్దాయన వేసిన లెక్క ఇంకెక్కడా రాసిలేదు. ఆయన పేరు కూడా బాబాయ్‌కి సరిగ్గా గుర్తులేదు, "ఆపరేటరు గారు" అనేవాళ్ళట అందరూ. కమిట్ హిస్టరీ చెరిపేసి మొదటి వెర్షను ఒక్కటే ఉంచుకుందాం అని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా?

పైగా సాంకేతికంగా కూడా ఆ తీగ ఎవరికీ అడ్డం కాదు. 6ఎల్6 లో ఒకటో పిన్ను ఎలాగూ ఖాళీ. రేపు ఎవరైనా 6ఎల్6జీసీ పెట్టుకున్నా తీగ అలాగే ఉండొచ్చు. అంటే ఆయన మార్పు పాత వాల్వుకీ పనికొచ్చేదే.

చివరికి నేను చేసింది ఇది. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాను, అవి మార్చకుండా కరెంటు ఇవ్వడం పిచ్చితనం. పెచ్చులూడిన రబ్బరు వైర్లు మార్చాను. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల తీగ పెట్టాను. ఈఎల్34 జత కొత్తది తెప్పించాను. తీగ, చిన్న ట్రాన్స్‌ఫార్మరు, రెండు 390 లూ ముట్టుకోలేదు. స్పీకర్లు 16 లోనే వేశాను, పెన్సిలు రాత ప్రకారం. ఆ రాత ఫోటో తీసి, సర్క్యూట్ బొమ్మ గీసి, అవి రెండూ ఒక కవర్లో పెట్టి పెట్టెలోపలే అంటించాను. ఆ నిపుణుడుగారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. వారానికోసారి మెయిలు రాస్తూనే ఉన్నాడు.

మీ ఊళ్ళో, మీ మేనమామ ఇంటి అటక మీదో, పాత మైకు సెట్టు దుకాణంలోనో ఇలాంటి పెట్టె ఉంటే ఒక సాయం చెయ్యండి. తూకానికి వెయ్యకముందు, లేదా నిపుణులకి ఇవ్వకముందు, అడుగు రేకు విప్పి రెండు ఫోటోలు తియ్యండి. పెద్ద గూళ్ళ కింద ఒకటో పిన్ను ఎక్కడికి పోయిందో, స్పీకరు స్క్రూల్లో ఏది అరిగిందో కనపడేలా. ప్లగ్గులో పెట్టొద్దు, స్విచ్చి వెయ్యొద్దు. ఈమధ్య నడిపిన సెట్టయితే కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది, లోపల చెయ్యి పెట్టకండి. రేకు లోపలి వైపు కూడా చూడండి, ఏమైనా రాసి ఉందేమో.